మిగిలిన తునక ఎవరిది?

నూజివీడు ప్రాంతమున జ్యేష్ఠమాసము వచ్చునప్పటికి రెండు పండుగలు ఒకదానిపై నొకటి పడుచుండును. ఒకటి మామిడిపండ్లది, రెండవది పుట్టినరోజులది. మామిడి సంగతి చెట్టుకును ఋతువునకును తెలియును. పుట్టినరోజులు జూను, జూలై నెలలలోనే ఎందుకు కుప్పపడినవో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డను బడిలో చేర్పింపవచ్చిన తండ్రికి పుట్టిన తేదీ జ్ఞాపకము లేకున్నచో, వయస్సు నిబంధనకు సరిపోవునట్లు జూన్ ఒకటి యనియో జూలై ఒకటి యనియో రిజిష్టరులో వ్రాసి, ఆ బిడ్డకు రెండవ జన్మము ప్రసాదించిన ప్రధానోపాధ్యాయులు ఊరూరను ఉండిరి. ఆ రెండవ జన్మమువారు నేడు తాతలైనారు. మనుమలకు ఆస్పత్రి కాగితముపై అచ్చమైన తేదీ కలదు. అయినను తాతగారి రిజిష్టరు పుట్టినరోజును వారు వదలుట లేదు. దానికిని ఒక కేకు కావలయును.

కేకు వచ్చును. అట్టపెట్టెలో, స్కూటరు మీద, ఎండకు కరగిపోవునేమో యన్న భయముతో ఒక కిలో కేకు వచ్చును. కొవ్వొత్తులు వెలిగింతురు, ఊదుదురు, చప్పట్లు కొట్టుదురు. మొదటి తునక నోటికి, రెండవది చెక్కిళ్లకు. వచ్చినవారు తలకొక ముక్క తీసికొని, క్రీము తిని, అడుగునున్న రొట్టెను విడిచిపెట్టుదురు. ప్రక్కనే పళ్లెములో చిన్నరసాలు ఉన్న ఇంట కేకునకు రెండవ పిలుపు ఎక్కడిది? రాత్రి తొమ్మిది గంటలకు లెక్క చూచినచో కిలోలో సగమునకు కొంచెము తక్కువ మిగిలియుండును. అది ఫ్రిజ్జులోనికి పోవును. మరునాటి ఉదయము పిల్లలు తలుపు తీసి, చూచి, మూసివేయుదురు. ఆ మిగిలినదానిని ఎవరు తిందురు?

ప్రశ్న చిన్నదిగ కనబడును. కాని తెలుగు ఇండ్లలో దీని సమాధానము ఎల్లరకు తెలిసినదే. పైకి చెప్పువారే లేరు. మిగిలిన అన్నము అమ్మది. మాడిన అట్టు అమ్మది. విరిగిన అప్పడము అమ్మది. గిన్నెకు అంటుకొనిన పాయసము అమ్మది. ఇపుడు అంచులెండి, రంగు మారిన కేకు కూడ అమ్మదే. పారవేయుటకు చేతులు రాలేదని ఆమె ఒక కారణము చెప్పును. ఆ కారణమును ఇంటివారు ఎంతో తృప్తితో నమ్ముదురు. ఆమెకు కేకు ఇష్టమా కాదా యని అడిగినవారు అరుదు. మొదటినాడు ఆమె పళ్లెములో ఒక తునకయైనను పడినదా యని చూచినవారు అంతకంటె అరుదు.

మిగిలిన కేకును పొడిచేసి, చిన్న ఉండలుగ కట్టి, చాకొలెట్టులో ముంచి, ఒక్కొక్కటి ఒక్కొక్క నోటికి సరిపోవునట్లు చేయు విద్య ఒకటి ఇటీవల నూజివీడు వంటి ఊళ్ల వంటిండ్లకు కూడ చేరినది. దీనిని పెద్దలు కొందరు వేళాకోళము చేయుచున్నారు. యువజనులు కొందరు నెత్తిన పెట్టుకొనుచున్నారు. మొదటివారు దీని వంశావళిని ఎరుగరు. రెండవవారు దీని ప్రయోజనమును ఎరుగరు.

వంశావళి మాట ముందు చూడవచ్చును. ఈ ఉండలో మూడు పనులున్నవి: ఒకసారి వండిన పదార్థమును నలుగగొట్టుట, దానిని తీపితో మరల ముద్దకట్టుట, ఆ ముద్దకు పైన ఒక పూత తొడుగుట. మొదటి రెండు పనులను నేర్చుకొనుటకు నూజివీడు వారు సముద్రము దాటనక్కరలేదు. బందరు పోయిన చాలును. 2022 వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరువరకు నూజివీడునకు జిల్లా ముఖ్యపట్టణము మచిలీపట్టణమే. ఆ ఊరి లడ్డును జనులు తొక్కుడు లడ్డు అనుట ఊరకనే కాదు. శనగపిండిని మొదట పూసగ వత్తి వేయింతురు. అది అప్పటికే తినదగిన వంట; ఉప్పు కారము చల్లినచో సాయంకాలపు ఫలహారము కూడ కాగలదు. కాని బందరు వంటవారు అక్కడ ఆగలేదు. ఆ పూసను రోట వేసి దంచుదురు, జల్లింతురు, పాకముతోను నేతితోను మరల మెత్తగ మర్దించి ఉండకట్టుదురు. పూర్తియైన ఒక వంటను మరియొక వంటకు ముడిసరుకుగ తీసికొనుటయే ఆ లడ్డులోని రహస్యము. 2017 లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బందరు లడ్డును మెచ్చుకొనుచు, పొడిచేసిన కేకును చూచి మూతి విరుచుట తర్కమునకు నిలువదు.

తెలంగాణములో మలీద కలదు. రొట్టెను చేతితో నలిపి, బెల్లము, నేయి కలిపి ముద్దలు కట్టుదురు. బతుకమ్మ పండుగ కడపటి దినమున అది గౌరమ్మకు నైవేద్యము; పీర్లపండుగనాడు అదియే పీర్లకు సమర్పణము. రెండు మతముల దేవిడీలలోను సమానముగ చెల్లుబాటైన తినుబండారములు మన దేశమున ఎన్నో లేవు. ఆ కడపటి దినమునకు పేరు కూడ సద్దుల బతుకమ్మయే యగుట గమనింపదగినది. సద్ది యనగ చద్దిమూట, దారిబత్తెము, ముందుచూపు గల ఇల్లాలు కట్టియిచ్చిన ఆహారము. పెద్దల మాటను సద్దిమూటతో పోల్చిన జాతికి, నిన్నటిది కావుననే ఒక వస్తువు నీచమైనదను అభిప్రాయము ఎప్పుడు కలిగినదో తెలిసికొనదగిన విషయమే.

మూడవ పని పూత. దీనికి గురుత్వము బూరెలది. శనగపప్పు, బెల్లము కలిపి ఉడికించిన పూర్ణమును ఉండచేసి, మినపపిండి తోపులో ముంచి నూనెలో విడుచుట కోస్తా జిల్లాలలో పదేండ్ల బాలికయైనను చూచియున్న పని. తోపు పలుచనైనచో పూర్ణము విచ్చి నూనెయంతయు నల్లనగును. చిక్కనైనచో బూరెకు తోలు మందమై లోని తీపి నోటికి అందదు. ఈ ఒక్క సూత్రము తెలిసిన చేతికి చాకొలెట్టు పూత కొత్త విద్య కాదు. బొబ్బట్లకు చేసిన పూర్ణము మిగిలినచో మరునాడు దానినే బూరెలుగ మార్చుట కూడ ఎన్నో ఇండ్లలో మామూలే. దానిని మిగులు వంట యని ఎవరును అనలేదు. బూరెలు అనియే అన్నారు. (మామిడిసీమలో పూత యన్న మాటకు మొదటి యర్థము వేరు. అక్కడ పూత నిలిచినదా యని రైతు అడిగినచో అది చెట్టుమీది పూవును గూర్చి. వంటింటి పూత నిలిచినదా యని ఇల్లాలు అడిగినచో ఉండమీది తొడుగును గూర్చి. రెండింటికిని శత్రువు వాతావరణమే.)

పరదేశములలో కూడ ఈ వంశమునకు శాఖలు కలవు. ఆస్ట్రేలియాలో లామింగ్టన్ అను తినుబండారమున్నది. మెత్తని కేకును చదరపు ముక్కలుగ కోసి, చాకొలెట్టు పాకములో ముంచి, కొబ్బరికోరులో దొర్లింతురు. 1896 నుండి 1901 వరకు క్వీన్స్‌లాండునకు గవర్నరుగ ఉండిన లామింగ్టన్ ప్రభువు ఇంటికి చెప్పకుండ అతిథులు రాగా, వంటవాడు ముందునాటి కేకును ఇట్లు సవరించి మర్యాద నిలిపెనని ఒక కథ ప్రచారములో ఉన్నది. చరిత్ర బోధించువారికి ఈ ప్రభువు మరియొక విధమున పరిచితుడు. ఆయన 1903 నుండి 1907 వరకు బొంబాయి గవర్నరు. 1940 మార్చి 13 న లండనులోని కాక్స్టన్ హాలులో ఉధంసింగు మైకేల్ ఓడ్వయరును కాల్చిచంపినపుడు గాయపడినవారిలో ఈయన ఒకడు. ఒక మనుష్యుని పేరు పాలనవలన నిలువక కొబ్బరి అద్దిన కేకువలన నిలుచుట విచిత్రమే. అమెరికాలో 2008 ప్రాంతమున ఈ ఉండకు సన్నని పుల్ల గ్రుచ్చి అందముగ అలంకరించు పద్ధతి బయలుదేరి, కొలది కాలములోనే కాఫీదుకాణముల గాజుబీరువాలకెక్కినది. నేడు మనవారు చూచి అనుకరించుచున్నది ఆ చివరి రూపమునే. అందుచేతనే ఇది నిన్నగాక మొన్న పుట్టిన వింతగ వారికి తోచుచున్నది.

వంశము మంచిదే యైనను శుచిమాట ఒకటి మిగిలియున్నది. పుట్టినరోజు కేకును చూచి ముసలమ్మలు ముఖము త్రిప్పుకొనుటకు వారి సాకు ఒక్కటే: ఎంగిలి. నోటితో ఊదినదానిని పదిమందికి పంచుటయేమి యని వారి ప్రశ్న. చదువుకొన్న మనుమలు దీనిని చాదస్తమని నవ్వివేయుదురు. కాని అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2017 లో ప్రకటించిన పరీక్ష ముసలమ్మల పక్షముననే సాక్ష్యము పలికినది. ఊదని క్రీముకంటె ఊదిన క్రీముపై సూక్ష్మజీవులు సగటున పదునాలుగు రెట్లు అధికముగ కనబడినవి. ఆరోగ్యవంతుడైన బిడ్డ ఊదినంతమాత్రమున అతిథులు రోగులగుదురని దీని భావము కాదు. జలుబు, దగ్గు ఉన్న బిడ్డ ఊదకుండ చూచుట మేలని మాత్రము భావము. దీనికి తేలికయైన ఉపాయము కలదు. కొవ్వొత్తులను కేకుమీద గాక ప్రక్కనొక చిన్న తునకమీద నిలిపి, ఆ తునకను ఊదినవారికే ఇచ్చివేయవచ్చును. అపుడు మిగిలినది మిగులు మాత్రమే, ఎంగిలి కాదు. ఈ రెండు మాటలను భాష ఎంత జాగ్రత్తగ వేరుచేసి ఉంచినదో, వ్యవహారములో వాటిని అంత అజాగ్రత్తగ కలిపివేయుచున్నారు. దేవునికి నివేదించగ మిగిలినది ప్రసాదము. విష్ణువు పవళించిన పాన్పునకు శేషుడని పేరు. శేషమనగ మిగిలినదనియే గదా అర్థము!

ఇక నూజివీడు మాట. ఈ ఊరి పేరు చెప్పగనే బంగినపల్లి, పెద్దరసాలు, చిన్నరసాలు, కలెక్టరు కాయలు గుర్తుకు వచ్చును. ముచ్చికతో జాగ్రత్తగ కోసి, సొన అంటకుండ దింపి, గ్రేడులుగ ఏరి పెట్టెలకెక్కించిన కాయ ఉత్తరాది నగరములకు పోవును. జనులకు తెలిసిన మామిడి ఆ పెట్టెలోనిదే. కాని తోటకాపరి సంసారమంతయు పెట్టెలోని కాయమీద నడవదు. వేసవి గాలివానకు రాలిన పచ్చికాయ కలదు. అది ముక్కలై ఎండి ఒరుగులగును. చిలుక కొట్టినది, దెబ్బ తగిలినది, దారిలో మెత్తబడినది, ఆకారము వంకరైనది కలదు. ఏరుడు గంపలో ఇవన్నియు ఒక ప్రక్కకు పడును. ఆ ప్రక్కకు పడిన పండ్లనుండియే తాండ్ర పుట్టును. పండును పిసికి, పీచు వడగట్టి, చక్కెరయో బెల్లమో చేర్చి, చాపమీద పలుచగ పరచి ఎండబెట్టుదురు. మరునాడు దానిపై మరియొక పొర. ఆ పైనాడు మరియొకటి. ఒకేసారి మందముగ పోసినచో పైన ఎండి లోపల పులియును. కావున పొరమీద పొరగ, ఎండను నమ్ముకొని, ఓపికతో పోయుదురు. పెట్టెకెక్కని పండు ఈ విధముగ పండుకంటె ఎక్కువ కాలము బ్రతుకును. ఆషాఢము దాటిన తరువాత నూజివీడు మామిడిని తినగోరువానికి పెట్టెలోని పండు పనికిరాదు, తాండ్రయే దిక్కు.

ఇట్టి ఊరిలో మిగిలిన కేకును గూర్చి అవమానపడుట ఎందులకు?

చేయు విధము చెప్పుకొనవచ్చును. మొదట కేకు తినదగియున్నదా యని చూడవలెను. పాలక్రీముతో చేసిన కేకు జూను ఉక్కలో బల్లమీద గంటకు మించి ఉన్నచో దానిని మరల వాడుట మంచిది కాదు. పుల్లని వాసన, జిగట, అంచున బూజుచుక్క కనబడినచో చర్చలేకుండ పారవేయవలెను. బూజును గీకివేసిన చాలుననుకొనుట పొరపాటు. కంటికి కనబడని దారములు మెత్తని రొట్టెలోనికి దిగియుండును. పొడిచేసి, ఉండకట్టి, రంగు పూసినంతమాత్రమున పాడైనది బాగుపడదు. ఈ ఒక్క విషయమున పొదుపు గుణము కాదు, దోషము. వెంటనే చల్లనిచోట పెట్టిన కేకైనచో మరునాడో ఆ మరునాడో పని ముగించుట యుక్తము.

పైనున్న క్రీమును గరిటెతో తీసివేసి, రొట్టెభాగమును చేతితో చిదిపి రవ్వవలె చేయవలెను. దీనిని ముద్దకట్టుటకు పరదేశీయులు మరల క్రీమునే వాడుదురు. అది తీపిమీద తీపి. రెండవ ఉండ తినుసరికి మొగము మొత్తును. నూజివీడు ఇంటికి ఆ కర్మము లేదు. రెండు మూడు రసాల పండ్లను పిండి, పీచు వడగట్టి, సన్నని సెగమీద మూడవవంతు మిగులువరకు కలియబెట్టుచు ఇగిర్చిన గుజ్జు చాలును. మామిడిరసములో అధికభాగము నీరే. ఇగిర్చక పోసినచో కేకు పొడి నానిన అటుకులవలె జావయగును. ఇగిరిన గుజ్జులో కొంచెము పులుపు మిగులును. ఆ పులుపే కేకులోని వెగటును విరుచును. చిటికెడు ఏలకులపొడి వేసినచో బేకరీవాసన పోయి ఇంటివాసన వచ్చును. గుజ్జును ఒక్కసారి పోయక, చెంచా చెంచాగ చేర్చుచు, పిడికిట నొక్కినచో విడిపోని స్థితి రాగానే ఆపవలెను. ఉసిరికాయంత ఉండలు కట్టి చల్లనిచోట అరగంట ఉంచినచో గట్టిపడును.

పూత దగ్గర కొంచెము ఆలోచన కావలయును. అచ్చమైన చాకొలెట్టులోని కోకోవెన్న సుమారు 34 డిగ్రీల వేడికే కరగును. నూజివీడులో వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటుట వార్త కాదు. కావున చలిదేశపు బొమ్మలో నిగనిగలాడు పూత ఇక్కడ పళ్లెము చేరులోపల వ్రేళ్లకు అంటుకొనును. దానిని కరగించునపుడు ఒక్క నీటిచుక్క పడినను మెరుపు పోయి మడ్డివలె గట్టిపడును. ఆవిరిగిన్నెమీద పెట్టువారు మూతకు పట్టిన చెమ్మను కూడ కనిపెట్టవలెను. ఫ్రిజ్జునుండి తీసిన ఉండకు తేమగాలి తగిలినచో చెమటపట్టి పూత మచ్చలుపడును. అంగళ్లలో దొరకు చవుక బిళ్లలు కోకోవెన్నకు బదులు వేరు క్రొవ్వులతో చేసినవి. అవి ఎండకు కొంత ఓర్చును, రుచికి ఓర్చవు. చాకొలెట్టు నిషిద్ధమని కాదు. కోకో పంటలో దేశమునకు మొదటిస్థానము ఆంధ్రప్రదేశమునది. అందులో ఏలూరు జిల్లా కొబ్బరితోటల నీడ ముఖ్యమైన చోటు. 2022 లో జిల్లాలు మారుటచేత మామిడియు కోకోయు ఒకే కలెక్టరు క్రిందికి వచ్చినవని చమత్కరింపవచ్చును. డిసెంబరులో, క్రిస్టమసు కేకు మిగిలిన ఇండ్లలో, చాకొలెట్టు పూత చక్కగ నిలుచును. జూనులో మాత్రము వేయించిన నువ్వులలోనో, కొబ్బరికోరులోనో దొర్లించుట తెలివి. అన్నింటికంటె మేలైనది తాండ్ర. పలుచని పొరను తీసికొని, అప్పడాలకర్రతో మరికొంత సాగగొట్టి, చదరముగ కోసి ఉండచుట్టు చుట్టినచో అది కరగదు, రాలదు, చేతికి అంటదు. ప్రక్కకు పడిన పండు ప్రక్కకు పడిన కేకునకు చొక్కా తొడిగినట్లుండును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇది పిసినారితనమని ఒకరందురు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024 లో ప్రకటించిన లెక్క ప్రకారము 2022 లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వృథాయైనది. అందులో నూటికి అరువది పాళ్లు హోటళ్లలోను అంగళ్లలోను కాదు, ఇండ్లలోనే. ఈ లెక్క ముందు పిసినారి యన్న బిరుదును సంతోషముగ స్వీకరింపవచ్చును. ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరియొకటి. ఈ ఉండలు ప్రసిద్ధికెక్కిన తరువాత వాటికొరకు అచ్చులు, పుల్లలు, రంగుల పలుకులు, ముడివేయు నాడాలు అమ్మకమునకు వచ్చినవి. ఉండలు చేయుటకొరకే క్రొత్త కేకును కొనితెచ్చి పొడిచేయువారున్నారు. మిగులును వాడుటకు పుట్టిన పద్ధతి క్రొత్త మిగులును పుట్టించుట కంటె వింత యేమున్నది? చినిగిన చీరలతో బొంత కుట్టుట పొదుపు. బొంతకొరకు క్రొత్త చీరలు చింపుట పొదుపు కాదు. ఈ ఉండను నెత్తిన పెట్టుకొనువారు ప్రయోజనమును ఎరుగరనుట ఇందుకే.

మూడవ ఆక్షేపణ ఇంటిలోనిది, అసలైనది. మిగిలిన కేకును తినుభారము అమ్మకు తప్పించుటకై దానిని పొడిచేయుట, గుజ్జు ఇగిర్చుట, ఉండకట్టుట, పూతపూయుట అను నాలుగు క్రొత్త భారములు అమ్మకే అప్పగించినచో ఆమెకు ఒరిగినదేమి? పాతకేకును మౌనముగ తినుట పది నిముషముల పని. ఇది గంటన్నర పని. ఇంటివారు ఉండలు తిని, భేష్ అనిపోయినచో, ఆమె చేతికి మిగులునది తోమవలసిన మూకుడు. ఇట్టి సంస్కరణలు మన ఇండ్లలో చాల జరిగినవి. ఫలితము అందరిది, పని ఒకరిది.

ఈ ఆక్షేపణకు సమాధానము పిల్లలే. పుట్టినరోజు ఎవరిదో, మరునాటి పని వారిది. రసము ఇగిర్చుట తప్ప దీనిలో నిప్పుతో పని లేదు. ఆ ఒక్కటి తండ్రి చేయవచ్చును. తాతగారి రిజిష్టరు పుట్టినరోజైనచో తాతగారే చేయవచ్చును. చిదుపుట, కొలచుట, ఉండకట్టుట, దొర్లించుట పదేండ్ల బిడ్డ చేతికి తగిన పనులు. బాలురకు కూడ తగినవే. వంటింటి గడపమీద బాలురకు ప్రవేశము లేదని ఏ రిజిష్టరులోను వ్రాసియుండలేదు. ఉపాధ్యాయులకు దీనిలో ఉపయోగింపదగిన పాఠములు కొన్ని దొరకును. చాకొలెట్టు ఎందుకు కరగినది, రసము ఎందుకు ఇగిరినది, బూజు ఎట్లు వ్యాపించినది యనుట విజ్ఞానశాస్త్రము. కొబ్బరి అద్దిన కేకు, బొంబాయి గవర్నరు, ఉధంసింగు అనుట చరిత్ర. అన్నింటికంటె మంచి పాఠము గణితములోనిది. ఎందుకనగా దానిలో అమ్మ కూడ ఒక సంఖ్యగ లెక్కకు వచ్చును. మిగిలిన కేకు గిన్నెలో ఉన్నంతకాలము దానికి భాగహారము లేదు. ఉండలుగ మారిన తరువాత భాగించక తప్పదు. ఒక్కొక్కటి ఒక్క తూకము, ఒక్క ఆకారము. తాతకు పెద్దది, అమ్మకు అంచుముక్క యనుటకు వీలులేదు.

లెక్క ఇట్లుండును. క్రీము తీసివేసిన తరువాత కేకు పొడి 300 గ్రాములు. ఇగిరిన గుజ్జు 100 గ్రాములు. ఉండ ఒక్కింటికి 20 గ్రాములు చొప్పున ఇరువది ఉండలు. రుచి చూచుటకని ఒకటి చేసినవారి నోటికి పోవును. దానిని ఆపుట ఏ ప్రధానోపాధ్యాయునికిని సాధ్యము కాదు. పందొమ్మిది ఉండును. తాత, మామ్మ, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు గల ఇంట తలకు మూడేసి వచ్చును. ఒకటి మిగులును. అది ఎవరిదో తేలువరకు అమ్మ ఆ పళ్లెమును వంటింటిలోనికి తీసికొనిపోకుండ చూడవలెను.